తాతకు రాని షుగర్ నాన్నకు ఎందుకు వచ్చింది? ఇప్పుడు నా వంతా?

గానుగపల్లె | జనవరి 8, రాత్రి 9:40

మాది చిత్తూరుకు దగ్గరలో చెరకు పండే పల్లె. మూడు తరాలుగా ఇంట్లో బెల్లం వండుతున్నాం. మా తాత 84 ఏళ్లు బతికాడు. గానుగ నడిచే రోజుల్లో పొద్దున్నే పెనం దగ్గర వేడి పాకం ఆకులో పోసుకుని తినేవాడు. మధ్యాహ్నం సంగటిలోకి కూడా బెల్లం ముక్క ఉండాల్సిందే. కంటి ఆపరేషన్ కోసం 78వ ఏట రక్తం పరీక్ష చేస్తే చక్కెర మామూలుగా ఉంది.

మా నాన్నకు మాత్రం 46వ ఏట షుగర్ వచ్చింది. ఆయన లావు కాదు, తాగుడు లేదు, వ్యవసాయం వదల్లేదు. ఇప్పుడు నాకు 34. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో లెక్కలు చూస్తాను. పోయిన వారం ఉద్యోగులందరికీ చేసిన పరీక్షలో నాకు పరగడుపున 118 వచ్చింది. బరువు 66 కిలోలు, ఎత్తు 5 అడుగుల 7 అంగుళాలు. చూసినవాళ్లు ఎవరూ నన్ను లావు అనరు.

ఇంట్లో ఒక్కొక్కరు ఒక్కో కారణం చెబుతున్నారు. అమ్మ "మీ నాన్న రక్తం" అంటుంది. మామయ్య "బెల్లం ఇల్లు కదా, తిని తిని వచ్చింది" అంటాడు. తమ్ముడు పురుగుమందుల మీద నెపం పెడతాడు. నా భార్యకు ఇప్పుడు అయిదో నెల. నా కంటే ఎక్కువగా ఆ బిడ్డ కోసం అడుగుతున్నాను. ఇది ఎక్కడి నుంచి వస్తుంది? తెలిసినవాళ్లు చెప్పండి.

చంద్రగిరి_మాస్టారు | జనవరి 8, రాత్రి 10:55

నాయనా, ముప్పై ఏళ్లు జీవశాస్త్రం పాఠం చెప్పాను. పద్దెనిమిదేళ్లుగా షుగర్‌తో బతుకుతున్నాను. ముందు మీ అమ్మగారి మాట తీసుకుందాం, అందులో చాలా నిజం ఉంది.

పెద్దవాళ్లలో ఎక్కువగా కనిపించే ఈ రెండో రకం షుగర్‌కు కుటుంబంతో గట్టి సంబంధం ఉంది. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే పిల్లలకు జీవితకాలంలో వచ్చే అవకాశం వందలో సుమారు 40, ఇద్దరికీ ఉంటే సుమారు 70 అని లెక్క. అయితే దీనికి ఒకే ఒక జన్యువు కారణం కాదు. ముప్పును కాస్త కాస్త పెంచే చోట్లు మన జన్యువుల్లో వందల సంఖ్యలో కనిపెట్టారు. వాటిలో బలమైనదిగా పేరుపడినది టీసీఎఫ్7ఎల్2 అనే జన్యువులో కనిపించే ఒక మార్పు, దాని సంగతి 2006లో బయటపడింది. ఆ మార్పు ఒక ప్రతి ఉంటే ముప్పు దాదాపు 40 శాతం పెరుగుతుంది. ఉన్న ముప్పు మీద 40 శాతం పెరగడం అది, నూటికి నలభై మందికి వస్తుందని కాదు. ఈ తేడా పిల్లలకు బోర్డు మీద ఎన్నిసార్లు వేసి చూపించానో చెప్పలేను.

ఇక మీ తాతగారు. ఆ జన్యువులు ఆయనలోనూ ఉండి ఉండవచ్చు. చెరకులో ఎంత తీపి ఉన్నా పెనం కింద మంట లేనిదే పాకం కాదు కదా. ఆయన రోజులో మంట లేదు. ఎడ్లతో గానుగ తిప్పడం, చెరకు నరికి మోయడం, పిప్పి ఎండబెట్టి పొయ్యిలో ఎగదోయడం, ఇవన్నీ ఒంటితో చేసిన పనులు. తిన్న పిండిపదార్థం రక్తంలోకి చక్కెరగా చేరాక దాన్ని ఎక్కువగా తీసుకునేది కండరాలే. రక్తంలోని చక్కెరను కణాల్లోకి పంపేది ఇన్సులిన్, పని చేసే కండరం అది అంతగా లేకపోయినా చక్కెరను లాక్కుంటుంది. మీ నాన్నగారి కాలానికి గానుగకు మోటారు వచ్చింది, పొలానికి వెళ్లడానికి బండి వచ్చింది. మీ కాలానికి కుర్చీ వచ్చింది. రక్తం ముగ్గురిదీ ఒకటే, రోజు గడిచే తీరు మూడు రకాలు.

రాగిసంగటి | జనవరి 9, ఉదయం 6:20

మాస్టారు గారు తిండి సంగతి వదిలేశారు, నేను చెబుతాను. మాది పలమనేరు దగ్గర. మా అమ్మమ్మ ఇంట్లో వరి అన్నం అంటే పండగ, పెళ్లి, జ్వరం వచ్చిన రోజు. మిగతా రోజుల్లో రాగి, సజ్జ, కొర్ర. 1983లో ఎన్టీ రామారావు గారి ప్రభుత్వం రెండు రూపాయలకే కిలో బియ్యం ఇచ్చాక మూడు పూటలా తెల్లన్నం అలవాటైంది. మా ఊళ్లో రాగి విసిరే తిరగళ్లు గుమ్మాల ముందు అరుగు రాళ్లయ్యాయి. పాలిష్ పట్టిన బియ్యంలో పీచు చాలా తక్కువ, తిన్న అరగంటకు చక్కెర పైకి లేస్తుంది. మన జిల్లాకు షుగర్ తెచ్చింది బెల్లం కాదు, తెల్ల బియ్యం. నేను ఈ మాట మీద నిలబడతాను.

స్టాఫ్‌నర్సు_తిరుపతి | జనవరి 9, మధ్యాహ్నం 2:15

రాగిసంగటి అక్కా, సగం ఒప్పుకుంటాను, సగం ఒప్పుకోను. ఆ బియ్యం రాకముందు ఎన్ని ఇళ్లలో రాత్రిపూట పొయ్యి వెలగలేదో మా అమ్మ చెప్పేది. ఆకలి తీర్చిన గింజను దోషిని చేయడం నాకు కష్టంగా ఉంది. కంచంలో గుట్టగా పోసిన అన్నం, పక్కన రెండు చెంచాల కూర, కూర్చుని చేసే పని, ఈ మూడూ కలిసినప్పుడు అసలు చిక్కు మొదలవుతుంది.

ఇంకో మాట. రాగి అన్న పేరు ఉంటే చాలు మంచిదని మా వార్డుకు వచ్చేవాళ్లు నమ్ముతారు. మెత్తటి రాగి పిండిని జావగా కాచి అందులో బెల్లం కలిపి తాగితే చక్కెర వేగంగా పెరుగుతుంది. నెల రోజులుగా అన్నం మానేసి మూడు పూటలా తియ్యటి జావ తాగిన పెద్దాయన ఒకరు "సంగటే కదమ్మా" అని నన్ను అడిగారు. ఆ రోజు ఆయన చక్కెర 310. గట్టి సంగటి ముద్ద, ఆకుకూర పులుసు, శనగలు, ఇది వేరు. తియ్యటి జావ వేరు.

రాగిసంగటి | జనవరి 9, సాయంత్రం 7:05

ఆకలి మాట నిజమే, దాన్ని మర్చిపోయి రాశాను. మా అమ్మమ్మ కూడా ఆ బియ్యం కార్డును దేవుడి పటం వెనక దాచేది. జావ సంగతి మాత్రం నాకు తెలియదు. ఇంట్లో మా ఆయనకు రోజూ అదే ఇస్తున్నాను. రేపటి నుంచి మారుస్తాను.

డాక్టర్_రేణిగుంట | జనవరి 9, రాత్రి 9:30

గానుగపల్లె గారూ, మీరు బరువు చెప్పారు, నడుము కొలత చెప్పలేదు. టేపు తీసుకుని బొడ్డు దగ్గర కొలిచి చెప్పండి.

అడగడానికి కారణం ఉంది. "నేను లావు కాదు" అన్న మాట మన దేశంలో చాలామందిని మోసం చేస్తుంది. పూణేలో డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ గారి బృందం అక్కడి పల్లెల్లో పుట్టిన పిల్లలను ఇంగ్లండులో పుట్టిన పిల్లలతో పోల్చి చూసింది. మన పిల్లలు దాదాపు 2.7 కిలోలు, అక్కడి పిల్లలు 3.5 కిలోలు. అంత తేలికగా పుట్టినా మన పిల్లల చర్మం కింద కొవ్వు దాదాపు వాళ్లతో సమానం, తక్కువగా ఉన్నది కండ. సన్నగా కనిపిస్తూ లోపల కొవ్వు దాచుకున్న శరీరం మనది. ఆ కొవ్వు పొట్టలో, కాలేయంలో చేరితే ఇన్సులిన్ మాట శరీరం వినదు. దాన్ని వినిపించడానికి క్లోమం రెట్టింపు ఇన్సులిన్ తయారుచేస్తూ పోతుంది. కొన్నేళ్లకు అలిసిపోతుంది. అప్పుడు పరీక్షలో చక్కెర బయటపడుతుంది. అందుకే మనవాళ్లకు ప్రమాద హద్దులు కూడా వేరు. నడుము మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటకూడదు.

118 అంటే ఇంకా షుగర్ కాదు. పరగడుపున 100 నుంచి 125 వరకు ముందస్తు దశ. 126 లేదా పైన ఉండి, మరో రోజు చేసినప్పుడు కూడా అలాగే ఉంటే షుగర్. ఒక్క పరీక్షతో తేల్చకండి. 75 గ్రాముల గ్లూకోజ్ తాగాక రెండు గంటలకు చేసే పరీక్ష, మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ, రెండూ చేయించండి. 2023లో వచ్చిన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) దేశవ్యాప్త అధ్యయనం ప్రకారం మన దేశంలో షుగర్ ఉన్నవాళ్లు సుమారు 10.1 కోట్లు, మీలా ముందస్తు దశలో ఉన్నవాళ్లు 13.6 కోట్లు. మీరు ఒంటరి కాదు, ఆలస్యంగానూ రాలేదు.

గానుగపల్లె | జనవరి 9, రాత్రి 10:10

నడుము 94 వచ్చింది సార్. రెండుసార్లు కొలిచాను.

శ్రీసిటీ_షిఫ్టు | జనవరి 10, ఉదయం 7:45

రాత్రి డ్యూటీ దిగి బస్సులో రాస్తున్నాను. నాకు 29 ఏళ్లు. మా ఇంట్లో రెండు వైపులా ఎవరికీ షుగర్ లేదు. శ్రీసిటీలో ఫ్యాక్టరీ పనిలో చేరి ఆరేళ్లు. ఒక వారం పగలు, ఒక వారం రాత్రి. పోయిన ఏడాది నాకు వచ్చింది. రాత్రి రెండు గంటలకు భోజనం, నాలుగింటికి నిద్ర ఆగడానికి చక్కెర వేసిన టీ, పగలు రేకుల గదిలో ఎండకు నిద్ర పట్టక మూడు గంటల కునుకు. నిద్రకూ దీనికీ సంబంధం ఉందా? ఇంట్లో ఎవరికీ లేనప్పుడు నాకు ఎలా వచ్చిందో అర్థం కాక అడుగుతున్నాను.

డాక్టర్_రేణిగుంట | జనవరి 10, మధ్యాహ్నం 1:20

సంబంధం ఉంది తమ్ముడూ. ఏళ్ల తరబడి రాత్రి షిఫ్టులు చేసేవాళ్లలో రెండో రకం షుగర్ ఎక్కువగా కనిపిస్తుందని చాలా దేశాల్లో చూశారు. కొన్ని రోజులు సరిగ్గా నిద్రపోకపోయినా ఇన్సులిన్ పనితనం తగ్గుతుంది. ఒంటికి లోపల ఒక గడియారం ఉంటుంది. రాత్రిపూట అదే అన్నం తిన్నా చక్కెర పగటికంటే ఎక్కువ పెరుగుతుంది. రాత్రి భోజనాన్ని డ్యూటీకి వెళ్లే ముందే ముగించి, మధ్యలో శనగలో గుడ్డో తినండి. టీలో చక్కెర ఆపండి.

మరో సంగతి కూడా చూడాలి. 29 ఏళ్లకు, కుటుంబంలో ఎవరికీ లేకుండా వచ్చింది అంటున్నారు. మీది నిజంగా రెండో రకమేనా అని మీ వైద్యుణ్ణి అడగండి. ఒంటి రక్షణ వ్యవస్థే ఇన్సులిన్ తయారుచేసే కణాలను చంపేది మొదటి రకం, అది పెద్దవాళ్లలో నెమ్మదిగా బయటపడడం కూడా ఉంటుంది, దానికి రక్తంలో యాంటీబాడీల పరీక్ష ఉంది. క్లోమం వాచి దెబ్బతిన్నా షుగర్ వస్తుంది, తాగుడు ఉన్నవాళ్లలో ఇది చూస్తుంటాం. చిన్నప్పుడు తిండి చాలక సన్నబడినవాళ్లకు వచ్చే రకాన్ని 2025 ఏప్రిల్‌లో బ్యాంకాక్‌లో జరిగిన సభలో అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య అయిదో రకంగా గుర్తించింది. పేర్లు ముఖ్యం కాదు, రకాన్ని బట్టి మందు మారుతుంది కాబట్టి చెబుతున్నాను.

మోకాళ్ల నొప్పులకు సూదులు వేయించుకునే వాళ్లకూ ఒక హెచ్చరిక. వాటిలో స్టెరాయిడ్ ఉంటే చక్కెర పెరుగుతుంది. ఏ మందు వేస్తున్నారో అడిగి, చీటీ మీద రాయించుకోండి.

టమాటారైతు | జనవరి 10, రాత్రి 8:50

పురుగుమందుల మాట ఎవరూ ఎత్తలేదు. గానుగపల్లె తమ్ముడి ప్రశ్నే నాదీ. ఇరవై ఏళ్లుగా టమాటాకు మందు కొడుతున్నాను. గుడ్డ కట్టుకోకుండా, చేతికి తొడుగు లేకుండా కొట్టిన రోజులే ఎక్కువ. నాకు షుగర్, మా అన్నకు షుగర్, పక్క పొలం ఆయనకు షుగర్. కూర్చుని తినే బతుకులు కావు మావి. మరి మాకు ఎందుకు?

చంద్రగిరి_మాస్టారు | జనవరి 10, రాత్రి 11:30

మీ ప్రశ్న న్యాయమైనది. మధురై కామరాజ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు అక్కడి పల్లెల్లో ఇదే ప్రశ్న పట్టుకున్నారు. 2017లో వాళ్ల ఫలితాలు వచ్చాయి. ఆర్గానోఫాస్ఫేట్ జాతి పురుగుమందుల ఆనవాళ్లు రక్తంలో ఎక్కువగా ఉన్నవాళ్లలో షుగర్ ఎక్కువగా కనిపించింది. పేగుల్లోని సూక్ష్మజీవులు ఆ మందును విడగొట్టినప్పుడు పుట్టే పదార్థాలు కాలేయం చేత చక్కెర తయారుచేయిస్తున్నాయని ఎలుకల్లో చూపించారు. కానీ మనుషుల్లో రెండూ కలిసి కనిపించినంత మాత్రాన ఒకటి మరొకదాన్ని తెచ్చిందని తీర్పు చెప్పలేం. అనుమానం బలమైనది, నిరూపణ పూర్తి కాలేదు. గాలిలోని సన్నటి ధూళి మీద, నీటిలోని ఆర్సెనిక్ మీద కూడా ఇలాంటి అనుమానమే ఉంది.

నిరూపణ వచ్చేదాకా ఎదురుచూడాల్సిన పని మాత్రం లేదు. ఆ మందులు నరాలకూ ఊపిరికీ చేటు అన్నది ఎప్పుడో తేలిన విషయం. తొడుగు, ముక్కుకు గుడ్డ, గాలి వాటం చూసుకుని కొట్టడం, ఇంటికి రాగానే ఒళ్లు కడుక్కుని బట్టలు విడిగా ఉతకడం, ఇవి ఈ రోజే మొదలుపెట్టండి.

బుజ్జిగాడి_అమ్మ | జనవరి 11, తెల్లవారుజాము 3:10

ఈ చర్చను మూడు రోజులుగా చదువుతున్నాను. రాయాలా వద్దా అని ఆలోచించాను. నిద్ర పట్టక రాస్తున్నాను.

మాది పుత్తూరు. మా బాబుకు తొమ్మిదేళ్లు. దసరా సెలవుల్లో విపరీతమైన దాహం మొదలైంది. ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలుపెట్టాడు. నేను తిట్టాను కూడా. తర్వాత వాంతులు, కడుపునొప్పి. దగ్గరలోని ఒక ఆసుపత్రిలో అజీర్తి అని మందులిచ్చారు. రెండు రోజులకు ఆయాసపడుతూ స్పృహ తప్పుతుంటే రాత్రికి రాత్రి వేలూరు తీసుకెళ్లాం. చక్కెర 540. మొదటి రకం అన్నారు. ఇప్పుడు రోజుకు నాలుగు ఇన్సులిన్ సూదులు.

బిడ్డ కోలుకున్నాడు. నేను కోలుకోలేదు. మా అత్తగారు "కడుపుతో ఉన్నప్పుడు మామిడిపళ్లు బుట్టలు బుట్టలు తిన్నావు" అంటారు. నాది మేనరికం, సొంత మేనమామనే చేసుకున్నాను. అందుకే ఇలా అయిందని చుట్టాలు ఆసుపత్రిలోనే అన్నారు. కొండకు వెళ్లినప్పుడల్లా వాడికి లడ్డూ ఎక్కువ పెట్టానని నాకు నేనే అనుకుంటాను. ఇక్కడ మీరందరూ తిండి, నడుము, నడక అని రాస్తుంటే ప్రతి మాటా నన్నే అడుగుతున్నట్టు ఉంది. ఇందులో నేను చేసింది ఏదో చెప్పండి. వాడి తర్వాత ఒక పాప కూడా ఉంది, ఆరేళ్లు.

స్టాఫ్‌నర్సు_తిరుపతి | జనవరి 11, ఉదయం 5:50

అమ్మా, డ్యూటీ దిగుతూ చూశాను. ఇంటికి వెళ్లేదాకా ఆగలేక ఇక్కడే కూర్చుని రాస్తున్నాను.

మీరు చేసింది ఏమీ లేదు. మామిడిపళ్ల వల్ల రాలేదు. లడ్డూ వల్ల రాలేదు. పైన రాసినవన్నీ రెండో రకం గురించి. మీ బాబుది వేరే జబ్బు, రెంటికీ పేరు మాత్రమే ఒకటి. వాడి ఒంట్లోని రక్షణ వ్యవస్థ పొరపాటు పడి, ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలను శత్రువులనుకుని చంపేసింది. ఆ పని దసరాకు మొదలైంది కాదు. దాహం కనిపించడానికి నెలలు, ఒక్కోసారి ఏళ్ల ముందు నుంచే లోపల జరుగుతూ ఉంటుంది.

పక్క తడిపినందుకు తిట్టానన్నారు. తెలియక తిట్టారు. ఇది చదివే తల్లులందరికీ చెబుతున్నాను, మానేసిన పిల్లలు మళ్లీ పక్క తడిపినా, రాత్రి లేచి లేచి నీళ్లు తాగినా, ఒళ్లు తగ్గినా ఆ రోజే వేలి చుక్క తీసి చక్కెర చూపించండి. ఒక్క నిమిషం పని.

ఈ రోజు జనవరి 11. 1922లో ఇదే రోజు కెనడాలోని టొరంటోలో లియొనార్డ్ థాంప్సన్ అనే పద్నాలుగేళ్ల అబ్బాయికి మొట్టమొదటి ఇన్సులిన్ సూది వేశారు. అప్పటిదాకా ఈ జబ్బు వచ్చిన పిల్లలను పస్తులు ఉంచి, చివరి రోజుల కోసం చూడడమే ఉండేది. ఆ మొదటి మందు శుద్ధంగా లేక సరిగ్గా పనిచేయలేదు. శుద్ధి చేసి జనవరి 23న మళ్లీ ఇచ్చారు. ఆ అబ్బాయి ఇంకో పదమూడేళ్లు బతికాడు. మీ బాబు చేతిలో ఉన్నది దానికి వందేళ్ల మెరుగులు దిద్దిన మందు. వాడు చదువుకుంటాడు, ఆడుకుంటాడు, తన పిల్లలను ఎత్తుకుంటాడు.

చంద్రగిరి_మాస్టారు | జనవరి 11, ఉదయం 8:15

అమ్మా, నర్సమ్మ చెప్పినదానికి కొంచెం కలుపుతాను. చుట్టాలకు జవాబు చెప్పడానికి మీకు ఆధారాలు కావాలి.

మొదటి రకంలో కూడా పుట్టుకతో వచ్చిన మొగ్గు ఉంటుంది. రక్షణ వ్యవస్థ తనవాళ్లెవరో పరాయివాళ్లెవరో గుర్తుపట్టడానికి వాడే హెచ్ఎల్ఏ జన్యువుల్లో కొన్ని రకాలు ఉన్నవాళ్లకు ముప్పు ఎక్కువ. అయితే ఆ రకాలు ఉన్నవాళ్లలో అత్యధికులకు ఈ జబ్బు రానే రాదు. ఒకే పిండం నుంచి పుట్టిన కవలల్లో జన్యువులు అచ్చంగా ఒకటే. అయినా ఒకరికి వచ్చి, రెండోవారు ఏళ్ల తరబడి ఆరోగ్యంగా ఉన్న జంటలు ఎన్నో.

పిల్లల్లో ఈ జబ్బు ప్రపంచంలో అన్నిటికంటే ఎక్కువగా ఉన్నది ఫిన్లండ్‌లో. దాని సరిహద్దు దాటితే రష్యాలోని కరేలియా. అక్కడి జనానికి జన్యువుల్లో పెద్ద తేడా లేదు, జబ్బు మాత్రం ఆరో వంతే. అంటే చుట్టూ ఉన్న పరిసరాల్లో ఏదో ఉంది. కాక్సాకీ బీ లాంటి పేగు వైరస్‌ల మీద అనుమానం చాలా కాలంగా ఉంది. గర్భంలో రుబెల్లా సోకిన పిల్లల్లో షుగర్ ఎక్కువగా రావడం చూశారు. ప్రపంచంలోని పెద్ద పెద్ద ప్రయోగశాలలు వెతుకుతూనే ఉన్న కారణాన్ని మీ అత్తగారు మామిడిపళ్ల బుట్టలో చూపించలేరు.

మేనరికం సంగతి. రక్తసంబంధంలో పెళ్లి వల్ల కొన్ని అరుదైన, ఒకే జన్యువుతో వచ్చే జబ్బులకు ముప్పు పెరుగుతుంది, అది దాచాల్సింది కాదు. ఆరు నెలలలోపు పసిబిడ్డకు షుగర్ వస్తే అలాంటిది ఉందేమో అని జన్యు పరీక్ష చేస్తారు. దానిలో కొన్ని రకాలకు సూది మాని మాత్రతో సరిపోతుంది కూడా. తొమ్మిదేళ్లకు వచ్చిన మొదటి రకానికి మేనరికాన్ని కారణంగా ఎవరూ చెప్పరు. పాప విషయానికి వస్తే, తోబుట్టువులకు వచ్చే అవకాశం పాశ్చాత్య దేశాల లెక్కల్లో వందలో సుమారు అయిదు. అంటే 95 పాళ్లు రాదు.

కపిలతీర్థం_వైద్యం | జనవరి 11, సాయంత్రం 6:30

నేను ఆయుర్వేదం చదివాను. సుశ్రుతుడు ప్రమేహాన్ని, అంటే షుగర్ లాంటి మూత్ర రోగాలను, రెండుగా విడదీశాడు. ఒకటి సహజం, తల్లిదండ్రుల బీజం నుంచి వచ్చేది, మనిషి కృశించి దాహంతో ఉంటాడు. రెండోది అపథ్యం, అంటే సరిపడని తిండి, నడవడి వల్ల వచ్చేది, మనిషి స్థూలంగా, కూర్చోవడం, పడుకోవడం ఇష్టపడుతూ ఉంటాడు. నేటి రెండు రకాలతో అది పూర్తిగా సరిపోతుందని నేను అనను, కానీ ఇవి రెండు వేర్వేరు దారులని అంత పూర్వమే గమనించారు.

ఈ చర్చ చూసి బుజ్జిగాడి అమ్మగారికి ఎవరో ఒకరు విడిగా సందేశం పంపి, "ఇన్సులిన్ ఆపండి, మా మూలికతో తగ్గిస్తాం" అంటారు. మా శాస్త్రం చదివినవాడిగా చెబుతున్నాను, నమ్మకండి. మొదటి రకం పిల్లలకు ఇన్సులిన్ ఆపితే రోజుల్లో ప్రాణం మీదకు వస్తుంది.

బుజ్జిగాడి_అమ్మ | జనవరి 11, రాత్రి 9:45

సందేశం ఈ రోజే వచ్చింది. నలభై రోజుల మందు, పన్నెండు వేలు. మా ఆయన డబ్బు సర్దుబాటు చేయమని ఒకరిని అడిగారు కూడా. ఈ చర్చ చూపించాక ఆ మనిషికి వద్దని ఫోను చేశారు.

మాస్టారు గారు రాసినది రెండుసార్లు పైకి చదివాను, అత్తగారు వినేలా. ఆమె ఏమీ అనలేదు. ఒక్క ప్రశ్న ఉంది. వాడు లడ్డూ అడుగుతాడు. సంక్రాంతికి అరిసెలు అడుగుతాడు. ఎప్పటికీ వద్దనాలా?

స్టాఫ్‌నర్సు_తిరుపతి | జనవరి 11, రాత్రి 10:20

వద్దనకండి. వాడికి ఇన్సులిన్ మోతాదు లెక్క నేర్పిన డాక్టరుగారిని అడిగి, ఆ పూట అన్నం కొంచెం తగ్గించి, చిన్న అరిసెకు సరిపడే ఇన్సులిన్ ఎంతో రాయించుకోండి. ప్రసాదం చిటికెడు అయితే లెక్క కూడా అక్కరలేదు. దాచుకుని తినే పరిస్థితి మాత్రం తేకండి. దాచుకుని తిన్నప్పుడు సూది వేసుకోరు, పిల్లలు ఆసుపత్రికి వచ్చేది అప్పుడే.

గానుగపల్లె | జనవరి 12, ఉదయం 6:40

అక్కా, మీ పోస్టు చదివాక నా 118 చిన్నదిగా అనిపించింది. ఒకటి అడగాలి అందరినీ. నా భార్య విషయం. తండ్రి వైపు నుంచి జన్యువులు ఎలాగూ వెళతాయి. తల్లి కడుపులో ఉండగా మేము చేయగలిగింది ఉందా?

డాక్టర్_రేణిగుంట | జనవరి 12, మధ్యాహ్నం 2:00

చాలా ఉంది. రెండో ప్రపంచ యుద్ధం చివర 1944-45 చలికాలంలో హాలండులో భయంకరమైన కరవు వచ్చింది. ఆ నెలల్లో తల్లి కడుపులో ఉన్నవాళ్లను యాభై ఏళ్ల వయసులో పరీక్షిస్తే, గ్లూకోజ్‌ను తట్టుకునే శక్తి తక్కువగా కనిపించింది. కడుపులో తిండి చాలని బిడ్డ దాచుకునే శరీరంతో పుడుతుంది, తర్వాత తిండి ఎక్కువైతే ఆ శరీరమే భారమవుతుంది. 1992లో హేల్స్, బార్కర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు చెప్పిన సిద్ధాంతం ఇదే. కరవులు మన జన్యువులనే పొదుపరులుగా మార్చాయని 1962లో జేమ్స్ నీల్ అనే జన్యుశాస్త్రవేత్త అన్నాడు కానీ అది ఇంకా ఊహగానే ఉంది. మన సీమ కరవులతో దాన్ని ముడిపెట్టి రాసేవాళ్లు ఉన్నారు, నేను అంత దూరం వెళ్లను.

రెండో వైపు, తల్లికి గర్భంలో చక్కెర ఎక్కువైనా బిడ్డకు తర్వాత షుగర్, ఊబకాయం ముప్పు పెరుగుతుంది. అందుకే తక్కువ తిన్నా చేటే, చక్కెర పట్టించుకోకపోయినా చేటే. మన దేశంలో గర్భిణులకు 75 గ్రాముల గ్లూకోజ్ నీళ్లలో కలిపి తాగించి, రెండు గంటలకు రక్తం చూస్తారు. తిని వచ్చినా చేయవచ్చు. 140 లేదా పైన ఉంటే గర్భకాలపు షుగర్. మొదటిసారి చూపించుకున్నప్పుడు ఒకసారి, 24 నుంచి 28 వారాల మధ్య మళ్లీ ఒకసారి. రెండోది మర్చిపోయేవాళ్లే ఎక్కువ.

మీ సంగతికి కూడా మన పక్కనే ఆధారం ఉంది. చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ గారి బృందం ముందస్తు దశలో ఉన్న 531 మందిని తీసుకుని మూడేళ్లు చూసి, 2006లో ఫలితాలు ప్రకటించింది. ఏమీ మార్చుకోనివాళ్లలో 55 శాతం మందికి షుగర్ వచ్చింది. తిండి, నడక మార్చుకున్నవాళ్లలో 39 శాతం మందికి. వాళ్లూ మనలాంటి శరీరాలే, మనలాంటి అన్నమే.

చంద్రగిరి_మాస్టారు | జనవరి 12, రాత్రి 9:00

ఆ 39 శాతాన్ని కూడా చూడండి. అన్నీ చేసినా కొందరికి వచ్చింది. వాళ్లు తప్పు చేశారని కాదు, వాళ్ల మొగ్గు అంత బలమైనది. నాకు షుగర్ వచ్చినప్పుడు రెండేళ్లు ఎవరికీ చెప్పలేదు, ఒళ్లు వంచని మాస్టారు అనుకుంటారని. ఆ రెండేళ్లలోనే కంటి లోపలి పొర దెబ్బతింది. ఎడమ కన్ను ఇప్పుడు సగమే కనిపిస్తుంది. సిగ్గుపడి దాచినందుకు ఇచ్చుకున్నది అది. నాయనా, మీ తమ్ముణ్ణి, మీ అక్కచెల్లెళ్లను కూడా పరీక్ష చేయించుకోమనండి.

గానుగపల్లె | ఫిబ్రవరి 2, రాత్రి 8:15

మూడు వారాల తర్వాత వస్తున్నాను. పరగడుపున రెండోసారి 114. గ్లూకోజ్ తాగాక రెండు గంటలకు 162. హెచ్‌బీఏ1సీ 6.1. ముందస్తు దశే అన్నారు. రాత్రి అన్నం సగం చేశాను. భోజనం తర్వాత గానుగ దాకా నడిచి వస్తున్నాను, రానూ పోనూ ముప్పై అయిదు నిమిషాలు. నాన్న కూడా తోడు వస్తున్నారు. ఆయనతో ఇన్ని మాటలు నేను ఎప్పుడూ మాట్లాడలేదు. తాత గురించి కొత్త సంగతి ఒకటి చెప్పారు. బెల్లం చిత్తూరు మండీకి బండి మీద పంపి, తాను వెనకే నడిచి వెళ్లేవాడట, ఎడ్లకు బరువు అవుతుందని.

మా అక్కకు 131 వచ్చింది. ఆమెకు ఏ లక్షణాలూ లేవు. తమ్ముడికి 92. ఒకే ఇల్లు, ఒకే పొలం, ఒకే పెనం. నా భార్యకు 24వ వారం పరీక్ష ఈ గురువారం.

బుజ్జిగాడి_అమ్మ | ఫిబ్రవరి 2, రాత్రి 9:30

అక్కగారికి మరో రోజు మళ్లీ పరీక్ష చేయించి డాక్టరుకు చూపించండి, ఆలస్యం చేయకండి.

మా వాడు సంక్రాంతికి ఒక అరిసె తిన్నాడు. సూది లెక్క వాడే వేశాడు, నేను సరిచూశాను. రెండు గంటల తర్వాత వేలు పొడుచుకుంటుంటే మా అత్తగారు వచ్చి పక్కన కూర్చుని, కళ్లజోడు పెట్టుకుని, "ఎంతరా?" అన్నారు. 148 అని చూపించాడు. అది మంచిదా చెడ్డదా అని నన్నే అడిగారు.

గానుగపల్లె | ఫిబ్రవరి 5, సాయంత్రం 6:05

నా భార్యకు గ్లూకోజ్ తాగిన రెండు గంటలకు 126 వచ్చింది అక్కా. హద్దు లోపలే ఉందన్నారు. ఆదివారం మా గానుగ దగ్గర పనివాళ్లు పద్దెనిమిది మందికి పరీక్ష చేయిద్దామని అనుకుంటున్నాను. మాస్టారు గారూ, మీ దగ్గర చక్కెర చూసే మిషను ఉందని స్టాఫ్‌నర్సు అక్కతో అన్నారట కదా. చంద్రగిరి నుంచి మిమ్మల్ని తీసుకురావడానికి బండి పంపుతాను. పరగడుపున చూడాలంటే ఎన్ని గంటలకు రమ్మనాలి?

చంద్రగిరి_మాస్టారు | ఫిబ్రవరి 5, సాయంత్రం 6:40

ఆరు గంటలకు. ముందు రాత్రి తొమ్మిది తర్వాత నీళ్లు తప్ప ఏమీ తీసుకోవద్దని చెప్పండి. పెనం దగ్గర పాకం కూడా వద్దు.